పాత పడవ కావలెను

అమెరికాలోని అన్నాపొలిస్‌లో ఏటా అక్టోబరులో తెరచాప పడవల ప్రదర్శన జరుగుతుంది. బూట్లు విప్పి కొత్త పడవెక్కి, లోపల మెత్తటి దిండ్ల మీద కూర్చుని, ధర విని, మళ్ళీ బూట్లు తొడుక్కుని దిగిపోయేవాళ్ళలోంచే ఈ దంపతులు తయారవుతారు. కారు దగ్గరికి చేరేలోపే ఎవరో ఒకరు అననే అంటారు, “పోనీ, పాతదైతే?” అని.

పిల్లలిద్దరూ కాలేజీలకు వెళ్ళిపోయారు. ఇంటి అప్పు తీరే దశకొచ్చింది. మేరీలాండులో ఇన్నేళ్ళుగా ఉంటున్నా చెసపీక్ బేను వంతెన మీద కారు అద్దంలోంచి చూడటమే తప్ప ఒక్కసారీ అందులోకి దిగింది లేదు. ఇక ఆలస్యం దేనికి?

ఆయనది సఖినేటిపల్లి. “మా రక్తంలోనే గోదావరి ఉందండీ” అని అడగనివాళ్ళకు కూడా చెబుతాడు. నిజానికి పంటు మీద నరసాపురం వెళ్ళి రావడమే ఆయనెరిగిన నౌకాయానం. పంటును సరంగు నడిపేవాడు, ఈయన సైకిలు పట్టుకుని నుంచునేవాడు. ఆవిడది నరసరావుపేట. ఆవిడ రక్తంలో ఏ నదీ లేదు గానీ, లెక్కలు మాత్రం దండిగా ఉన్నాయి.

చదవాల్సినదంతా చదివి ఆయన తేల్చిందేమిటంటే, కాటలినా 30 అయితే బావుంటుందని. డెబ్బైల మధ్యలో పుట్టిన ఈ ముప్పై అడుగుల పడవలు ఆరువేలకు పైగా తయారయ్యాయి. పొట్ట ఫైబర్‌గ్లాసు కాబట్టి తుప్పు పట్టదు, పుచ్చిపోదు. అందుకే పాత కారు ధరకు కూడా దొరుకుతాయి. ఆయన లెక్క అక్కడితో ఆగిపోతుంది. ఆవిడ లెక్క అక్కడ మొదలవుతుంది. పడవ పొట్ట చిరంజీవే, కాదనదు. ఇంజను, తెరచాపలు, స్తంభాన్ని పట్టి ఉంచే తీగలు, పంపులు, పరుపులు అన్నీ అల్పాయుష్కులు. పైగా మేరీలాండు ప్రభుత్వానికి కొన్న ధర మీద 5 శాతం పన్ను.

చలికాలంలో చూడటానికి వెళితే పడవలన్నీ ఒడ్డున ఇనుప కాళ్ళ మీద నిలబడి ఉంటాయి. ఆయన నేరుగా అడుగుకు వెళతాడు. అక్కడ బోల్టులతో బిగించిన కీల్, అంటే పడవ బోల్తా పడకుండా ఆపే సీసపు బరువు, ఉంటుంది. అది పొట్టకు అతికేచోట ముందువైపున చీలిక వస్తే దానికి ‘కాటలినా నవ్వు’ అని పేరు. ఆయన వంగి ఆ నవ్వు వైపు చూస్తాడు. బ్రోకరు ఆయన్ని చూసి నవ్వుతాడు. ఎందుకైనా మంచిదని ఆయనా నవ్వుతాడు. తర్వాత ఇంటిదగ్గర బాగా సాధన చేసిన ప్రశ్న వేస్తాడు.

“దీంతో బహామాస్ వెళ్ళొచ్చా?”

“ఓ, వెళ్ళినవాళ్ళున్నారు” అంటాడు బ్రోకరు. అబద్ధం కాదు. ఈ పడవే వెళ్ళిందనీ అనలేదు.

ఈలోగా ఆవిడ నిచ్చెనెక్కి లోపలికి దిగిపోయి ఉంటుంది. చేతిసంచిలోంచి ఫ్లాస్కు తీస్తుంది. టీ తెచ్చిందని ఆయన సంతోషిస్తాడు. అందులో ఉన్నది వేడినీళ్ళు. పాతబట్ట తడిపి, పిండి, టాయిలెట్ వెనకనుంచి వెళ్ళే గొట్టానికి చుట్టి, కాసేపాగి తీసి వాసన చూస్తుంది. గొట్టానికి వయసు మీదపడితే లోపలి కంపు రబ్బరులోంచి బయటికి ఊరుతుంది, వేడిబట్టకు అంటుకుంటుంది. బూజు వాసనకు కొవ్వొత్తి వెలిగించొచ్చు, నిమ్మవాసన చల్లొచ్చు. ఆ గొట్టానికి మాత్రం మార్చడం తప్ప మందు లేదు.

“ఏవండీ, ఇది కాస్త వాసన చూడండి.”

“అబ్బే, నువ్వు చూశావుగా.”

“చూశాను. ధర తగ్గించమనండి.”

బ్రోకరు మాట్లాడేది ఆయనతోనే అయినా భయపడేది ఆవిడకే. ఆయన ప్రశ్నలన్నీ అట్లాంటిక్ మహాసముద్రం గురించి, వాటికి ఏ జవాబైనా చెల్లుతుంది. ఆవిడ ప్రశ్నలు శనివారం, ఆదివారం గురించి. “ఐదడుగుల పైచిలుకు లోతు కావాలంటున్నారు, మరి వాగుల్లోకి వెళితే నేలకు తగలదా?” చెసపీక్ సగటు లోతే దాదాపు 21 అడుగులు, అంచుల్లో ఇంకా తక్కువ. “ఆదివారం గాలి పడిపోతే ఈ ఇంజనుతో చీకటి పడకముందే ఇల్లు చేరతామా?” బ్రోకరు గొంతు సవరించుకుంటాడు.

ధర కుదిరాక పడవను పరీక్షించే సర్వేయరు వస్తాడు. ప్లాస్టిక్ సుత్తి పట్టుకుని, కొబ్బరికాయల కొట్టు దగ్గర పెద్దమనిషిలా చెవి ఒగ్గి డెక్కంతా వాయించుకుంటూ పోతాడు. టక్ టక్ అంటే క్షేమం. దబ్ అందంటే డెక్కు ఫైబర్‌గ్లాసు పొరల మధ్యనున్న చెక్క నీళ్ళు తాగిందన్నమాట. ఎప్పుడో ఎవరో వేసిన ఒక మరమేకు చుట్టూ సీలు ఊడిపోతే చాలు, వానలు మిగతా పని చూసుకుంటాయి. ప్రతి ‘దబ్’కీ ఆయన గుండె కూడా అదే మాటంటుంది. సాయంత్రానికి నివేదిక చదివి, “అమ్మో, ఇన్ని లోపాలా! వద్దులే, ఇంకోటి చూద్దాం” అని మంచమెక్కేస్తాడు. ఆవిడకు మాత్రం ఆ కాగితాల్లో ప్రతి వరసా బేరానికి పనికొచ్చేదే. ఎర్రపెన్ను పట్టుకుని కూర్చుంటుంది.

ఇలాంటి జంటలు రేవు రేవునా కనిపిస్తారు. ఏళ్ళ తరబడి చూస్తూనే ఉండిపోయేవాళ్ళలో తరచుగా ఇద్దరూ ఆయన్లే, లేదా ఇద్దరూ ఆవిడలే. ఇద్దరూ బహామాస్ అంటే ఏ పడవా చాలదు, ఇద్దరూ గొట్టాలే వాసన చూస్తే ఏ పడవా నచ్చదు. మోజుపడేవారొకరు, లెక్కచూసేవారొకరు ఉంటేనే పడవ నీళ్ళలోకి దిగుతుంది.

వీళ్ళది వసంతంలో దిగింది. నరసరావుపేట నుంచి ఆవిడ వాళ్ళమ్మ ఫోను చేసింది.

“ఇప్పుడు పడవెందుకే మీకు? అల్లుడుగారు అదేదో దేశం వెళతానంటున్నారట!”

“అననీవే అమ్మా, ఆయన సరదా. శనివారం పొద్దున్నే ఎక్కించి ఈ బేలోనే సెయింట్ మైకేల్స్ ఊరి దాకా తీసుకెళ్ళి, పీతలు తినిపించి, సోమవారం ఆఫీసు టైముకి దింపేస్తాను.”