ముడి

నేను కవరును. తుంగతుర్తి అంగట్లో టమాటాలు పోసిచ్చే పలుచటి నల్ల కవరును. 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పలుచనివి అమ్మొద్దని చట్టం. నేను అందులో సగం మందం కూడా లేను. అయినా చేతులు మారుతూనే ఉన్నాను.

అంగడి నుంచి ఇంటిదాకా, పావుగంటలో నా పని అయిపోయింది. రాత్రి ఆ ఇంటమ్మ మిగిలిన అన్నం, పప్పు నాలో పోసి, మెడకు రెండు ముళ్లు బిగించి గోడవతలికి విసిరింది. "ఏ బర్రెనన్న తింటది తియ్" అనుకున్నది. చెడ్డ మనసు కాదు. ఒకప్పుడు ఆ వాకిట్లో కుడితి గోలెం ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు, మిగిలిన మెతుకులు అన్నీ అందులోకే. గోలెం పోయింది. పశువులు మాత్రం ఇంకా ఆ వాకిలికే వస్తున్నాయి.

తెల్లారేసరికి ఒక బర్రె మూతి నాకు ఆనింది. మనిషిలా ఏరి ఉమ్మేయడం దానికి రాదు. అన్నం వాసన తగిలితే ముడితో సహా మింగుతుంది. కడుపులో నేను అరగను, పేడలో బయటికి పోను. ఇంకో కవరుకు, తాడుకు చుట్టుకుని బండలా గట్టిపడతాను. మేత సహించక పశువు ఎండిపోతుంది.

అది నన్ను మింగేలోపే ఏడో తరగతి పిల్ల ఒకతి పరుగున వచ్చి నన్ను లాక్కుంది. ముందురోజే బడిలో డ్రాయింగ్ సారు వాళ్లకు 'ది ప్లాస్టిక్ కౌ' చూపించారు. పుట్టపర్తిలో కరుణ సొసైటీ వాళ్లు ఆవుల పొట్ట కోసి కిలోలకొద్దీ కవర్లు తీయడం మీద కునాల్ వోరా తీసిన డాక్యుమెంటరీ అది.

బడిలో పిల్లలు వెదురు బద్దలతో బర్రె బొమ్మను కట్టారు. పొట్ట మూయకుండా వదిలి, ఒక్క వీధిలో ఏరిన కవర్లన్నీ అందులో కుక్కారు. నన్ను అందరికీ కనిపించేలా ముందు పెట్టారు. సారు నా ముడి విప్పబోతే ఆ పిల్ల ఆపింది. "వద్దు సార్, గట్లనే ఉంటె చూసెటోళ్లకు తెలుస్తది."

చూడవచ్చిన వాళ్లలో పాలమ్ముకునే పెద్దాయన ఒకరు చాలాసేపు నిలబడ్డారు. నా ముడిని వేళ్లతో తడిమారు. "పోయినేడు నా బర్రె ఎందుకు సచ్చిందో ఇయ్యాల ఎరుకైంది బిడ్డా" అన్నారు.

మీ ఇంట్లో అన్నం మిగిలితే కవర్లో కట్టకండి. గోలెం లేకపోతే పాత బకెట్టైనా సరే, వాకిట్లో పెట్టి అందులో పోయండి.