కోడ్ 21 వర్ధిల్లాలి

మన దేశంలో ఆరేళ్లలో ఒక మహాద్భుతం జరిగిపోయింది. పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో 2017-18లో నూటికి 23.3 మందే శ్రామికశక్తిలో ఉండేవారు. 2023-24 వచ్చేసరికి 41.7 మంది. పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే ఈ మాట చెప్పగానే పాలకులు దాన్ని నారీశక్తి ఖాతాలో జమ వేసుకున్నారు. ఇంతమంది కొత్తగా ఇల్లు కదిలి పనికి పోతే పొద్దున్నే బస్సులో కాలు పెట్టే చోటు ఉండకూడదు కదా! (హైదరాబాద్‌లో నిజంగానే ఉండటం లేదు. అది ఉచిత టికెట్టు మహిమ, దాని లెక్క వేరు.)

చాలామంది ఎక్కడికీ పోలేదు. పాతబస్తీలో తలాబ్‌కట్ట గల్లీలోకి వెళ్లి చూడండి. 2024లో జీఐ ట్యాగ్ తెచ్చుకున్న లక్క గాజులు లాడ్ బజారులో మెరుస్తాయి గానీ, తయారయ్యేది ఇలాంటి ఇరుకు గదుల్లో. భర్త భట్టీ ముందు కూర్చుని లక్క కరిగించి గాజు చుడతాడు. వేడి మీద ఉండగానే భార్య రాళ్లు అద్దాలి. చల్లారితే రాయి పట్టదు. పొయ్యి మీద అన్నం మాడినా సరే, గాజు చల్లారకూడదు.

గుమ్మంలోకి ట్యాబ్ పట్టుకుని సర్వే బాబు వస్తాడు. ఇంట్లో ఆమె ఏం చేస్తుందని అడిగితే జవాబు ఆమె చెప్పదు, ఆయన చెబుతాడు. "ఆమేం చేస్తది సార్, ఘర్ మేచ్ రైతీ." అయితే కోడ్ 92, ఇంటిపని మాత్రమే. పిల్లల బట్టలు కూడా కుడుతుందంటే కోడ్ 93. రెండూ శ్రామికశక్తికి బయటే. సర్వే బాబుకు కాస్త ఓపికుండి "మరి ఈ రాళ్లెవరు అద్దారు భాయ్?" అంటే ఆయన నసుగుతాడు. వెంటనే కోడ్ 21 పడుతుంది. కుటుంబ వ్యాపారంలో జీతం లేని సహాయకురాలు! ఒక్క ప్రశ్నతో ఉపాధి కల్పన. పెట్టుబడి సున్నా, వేతనం సున్నా.

ఇది ఎగతాళికి అల్లిన కథ కాదు. పనిచేస్తున్నట్టు లెక్కకెక్కిన ఆడవాళ్లలో ఈ జీతం లేని సహాయకుల వాటా 2017-18లో 31.7 శాతం, 2023-24లో 36.7. నెల జీతం తెచ్చుకునేవాళ్ల వాటా అదే కాలంలో 21.0 నుంచి 15.9కి దిగింది. ఆమెను లెక్కలోకి తేవడం తప్పని నేననను, ఎప్పుడో తేవలసింది. ఆమె చేతిలో పైసా పెట్టకుండా ఆమె పేరు మీద దండలు వేయించుకోవడం దగ్గరే నా పేచీ.

ఈ గారడీ పాతదే. 1961 జనాభా లెక్కల్లో సీజనులో రోజుకో గంటకు పైగా పొలం పని చేస్తే చాలు, పనివాళ్లే. 1971లో "నీ ముఖ్యమైన పని ఏది?" అని అడిగారు. అంతే, పనిచేసే ఆడవాళ్ల సంఖ్య దాదాపు సగానికి కూలింది. పదేళ్లలో కోట్లమంది కలుపుతీత మానేసి నడుం వాల్చారన్నమాట! 1981లో మెయిన్, మార్జినల్ అని రెండు పీటలు వేసి కొందరిని వెనక్కి పిలిచారు.

ఇప్పటి సర్వేలో ఏడాదికి ముప్పై రోజులు పనిచేసినా శ్రామికురాలే. లాడ్ బజారు గిరాకీ రంజాన్‌లో కదా, ఆ ఒక్క నెలే రాళ్లద్దే ఆవిడ సంగతి చూడండి. ఇరవై తొమ్మిదో సాయంత్రం నెలవంక కనబడిందా, తెల్లారితే పండగ, ఆమె ఒక రోజు తక్కువై శ్రామికశక్తిలోంచి జారిపోతుంది. మబ్బు పట్టి కనబడలేదా, ముప్పై నిండుతాయి, దేశానికో కార్మికురాలు లాభం. మేఘాలు ఉపాధి కల్పిస్తాయని ఏ ఆర్థికవేత్తా చెప్పినట్టు లేదు. ముప్పై మరీ ఎక్కువనుకుంటే వారం లెక్క ఉంది, ఏడు రోజుల్లో ఒక్క గంట చాలు.

వయసు గీత మాత్రం గట్టిది. పత్రికలకెక్కే అంకె పదిహేనేళ్ల దగ్గర మొదలవుతుంది. 2015 జనవరిలో పోలీసులు పాతబస్తీలో సోదా చేస్తే గాజుల గదుల్లోంచి బిహార్ పిల్లలు 200 మందికి పైగా బయటపడ్డారు. పొగలో పొద్దస్తమానం పనిచేసిన ఆ చేతులకు ఆ అంకెలో చోటే లేదు.

ఇక మన సొంత రికార్డు 2014 ఆగస్టు 19, సమగ్ర కుటుంబ సర్వే. ఎవరేం పని చేస్తారో రాసుకోవడానికి తెలంగాణ రాష్ట్రం మొత్తానికి పని మాన్పించారు. సెలవిచ్చారు, బస్సులు ఆగాయి, దుకాణాలు మూసేశారు. దినకూలీకి ఆ రోజు కూలి పోయింది గానీ ఫారంలో గడి నిండింది. ఆ రోజు తీరిక దొరకనిది ఎన్యూమరేటర్లకూ, సర్వే కోసం ఊళ్లు దాటి ఇంటికి చేరిన బలగానికంతా వండిపెట్టిన ఆడవాళ్లకూ. ఎన్యూమరేటర్లు డ్యూటీలో ఉన్నట్టు రికార్డయింది.