నా ఉక్కు అందరిదీ

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే జాతీయ రహదారి 40 మీద, శిరివెళ్ల దాటాక, ఒక వరిచేని గట్టున నిలబడిన సెల్ టవర్ని నేను. నలభై మీటర్ల ఎత్తు, నాలుగు కాళ్లు, ఒంటి నిండా ఎరుపు తెలుపు పట్టీలు. తూర్పున నల్లమల, పడమట కుందూ నది. ఇక్కడిది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. అందుకే నాకు ఉక్కు కంటే ముందు లోతైన కాంక్రీటు పునాది పడింది.

నా ముందు తరంలో ఏ కంపెనీ టవర్ ఆ కంపెనీదే. ఒకే ఊరి చివర మూడు టవర్లు, మూడు జనరేటర్లు, ముగ్గురు కాపలాదార్లు. జనం తక్కువున్న పల్లెకు ఆ ఖర్చు పెట్టుకుని ఎవరూ వచ్చేవారు కాదు. 2007లో బద్ధ పోటీదారులైన భారతి, వొడాఫోన్, ఐడియా చేతులు కలిపి ఇండస్ టవర్స్ పెట్టుకున్నాయి. అదే ఏడాది కేంద్రం, సార్వత్రిక సేవా నిధి డబ్బుతో పల్లెల్లో ఏడు వేలకు పైగా టవర్లు కట్టించే పనికి పూనుకుంది. ఒక్కో టవర్‌ను మూడు కంపెనీలు వాడుకోవాలన్నది అందులో నియమం. 2008 ఏప్రిల్‌లో టెలికాం శాఖ ఈ పంపకానికి మార్గదర్శకాలు ఇచ్చింది. నేను ఆ ఆలోచనకు పుట్టిన బిడ్డను.

ఒకే కళ్లంలో ముగ్గురు రైతులు నూర్చుకుని ఎవరి రాశి వారు ఎత్తుకుపోయినట్టు సాగుతుంది నా మీద కాపురం. స్థలం, ఉక్కు, కంచె, కరెంటు, బ్యాటరీలు, జనరేటర్ ఉమ్మడి. యాంటెన్నాలు, రేడియో పెట్టెలు, తరంగాలు ఎవరివి వాళ్లవి. కరెంటు మైనస్ 48 వోల్టుల డీసీగా మారి అందరికీ వెళ్తుంది. ఎవరు ఎంత వాడారో మీటర్లు విడివిడిగా లెక్క చెబుతాయి. పై అంతస్తు అందరికీ కావాలి, ఎత్తు పెరిగితే సిగ్నల్ ఎక్కువ దూరం పోతుంది కాబట్టి. మొదట వచ్చినవారికి అది దక్కుతుంది. మరో కంపెనీ వచ్చి చేరితే పాతవారి అద్దె కూడా తగ్గుతుంది. పోటీదారు పక్కన చేరితే లాభపడే చోటు ఇది.

మొన్న టెక్నీషియన్ కుర్రాడు నడుముకు బెల్టు బిగించి, కొక్కెం ఒక్కో కమ్మీకి తగిలించుకుంటూ పైకెక్కాడు. వదులైన ఒక కేబుల్ బిగించి దిగాడు. చేలో రైతు అడిగాడు:

“ఏం అబ్బీ, మా సిమ్ము వేరే కదా, దీంట్లో మాదీ వస్తాదా?”

“వస్తాదన్నా. మూడు కంపెనీలవీ దీని మీదే ఉండాయి.”

2017, 2018 నాకు గడ్డుకాలం. ఎయిర్‌సెల్ దివాలా తీసింది. టెలినార్ ఎయిర్‌టెల్‌లో కలిసింది. వొడాఫోన్, ఐడియా ఒకటయ్యాయి. దేశమంతటా నావంటి టవర్ల మీద నుంచి యాంటెన్నాలు దిగిపోయాయి. అద్దెదారులు తగ్గితే మిగిలినవారి మీద భారం పెరుగుతుంది. పోటీ బతికితేనే పంపకం బతుకుతుందని నాకు అప్పుడు తెలిసింది.

తరంగాల దగ్గర మాత్రం పంపకం అంత తేలిగ్గా సాగలేదు. తమకు 3జీ స్పెక్ట్రమ్ లేని సర్కిళ్లలో ఒకరి నెట్‌వర్క్‌ను ఒకరు వాడుకుంటామని కంపెనీలు ఒప్పందం చేసుకుంటే, 2011లో ప్రభుత్వం ఆపమంది. 2014లో టెలికాం ట్రిబ్యునల్ కంపెనీల పక్షాన తీర్పిచ్చింది. 2023 జూన్‌లో బిపర్‌జాయ్ తుపాను గుజరాత్‌ను తాకినప్పుడు, బాధిత జిల్లాల్లో ఎవరి సిమ్ అయినా ఏ నెట్‌వర్క్‌లోనైనా పనిచేసేలా ప్రభుత్వమే ఏర్పాటు చేసింది. 2025 జనవరి నుంచి ప్రభుత్వ నిధితో కట్టిన టవర్ల దగ్గర బీఎస్‌ఎన్‌ఎల్, ఎయిర్‌టెల్, జియో ఖాతాదారులు ఎవరి 4జీనైనా అందుకునే వీలు మొదలైంది.

ఇప్పటికే మీ కంపెనీ సిగ్నల్ లేని చోట అత్యవసర నంబరు 112కు ఫోన్ చేస్తే, అందుబాటులో ఉన్న మరో నెట్‌వర్క్ ఆ కాల్‌ను మోసుకుపోతుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు సాధ్యమైనది మామూలు రోజున ఎందుకు కాకూడదు? అహోబిలం కొండదారిలో వాన కమ్ముకుంటే, ఇంటికి కబురు పెట్టాలనుకునే యాత్రికుడికి సిమ్ రంగుతో పనేముంది? కంపెనీలారా, ధరల్లో, సేవల్లో పోటీపడండి. అడవి అంచున, కొండ నీడన మాత్రం ఒకరి సిగ్నల్ ఒకరికి ఇచ్చుకోండి. నా ఉక్కు అందరినీ మోస్తోంది, మీ తరంగాలూ మోయగలవు.