ఏడో డివిజన్ భక్తులు

ఇంగ్లండ్ వెళ్లొచ్చే మనవాళ్లలో ఈ మధ్య ఒక కొత్త శాఖ పుట్టింది. బిగ్ బెన్ ముందు నిలబడి ఫొటో దిగడం వీళ్లకు నామోషీ. లండన్ ఐ ఎక్కడమంటే పరువు తక్కువ. మాంచెస్టర్ యునైటెడ్ స్టేడియం టూరుకెళ్లి జెర్సీల పక్కన సెల్ఫీ తీసుకున్నవాణ్ని చూస్తే వీళ్లకు జాలి. వీళ్లు చూసొచ్చింది ఇస్మియన్ లీగ్. దక్షిణ లండన్‌లో ఛాంపియన్ హిల్ అనే మైదానంలో డలిచ్ హామ్లెట్ అనే జట్టు ఆడిన మ్యాచ్. ఆ మాట చెప్పి ఒక్క క్షణం ఆగుతారు. "అదెక్కడ?" అని మనం అడగాలి. అడిగామా, ఇక పురాణం మొదలు. "ప్రీమియర్ లీగ్‌లో ఏముంది బావా, అంతా డబ్బు. అసలు ఫుట్‌బాల్ ఆత్మ చూడాలంటే ఏడో డివిజన్‌కే పోవాలి."

ఆ ఏడో డివిజన్‌కి తాము ఎలా చేరారో మాత్రం చెప్పరు. నేను చెబుతాను. వేరే టికెట్ దొరక్క చేరారు. ఆర్సెనల్ మ్యాచ్‌కో లివర్‌పూల్ మ్యాచ్‌కో వెళ్లాలంటే ముందు క్లబ్బు సభ్యత్వం కొనాలి, ఆపైన లాటరీలో పేరు రావాలి. బ్లాకులో కొందామా అంటే, అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్లు అమ్మడం అక్కడ 1994 చట్టం ప్రకారం నేరం. భోజనంతో కలిపి అమ్మే సీట్లు ఉన్నాయి గానీ, ఆ ధర రూపాయల్లోకి మార్చి చూసుకున్నాక ఆకలి చచ్చిపోతుంది. పోనీ హోటల్ గదిలో టీవీ పెట్టుకుందామా? శనివారం మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 దాకా అక్కడ ఫుట్‌బాల్ ప్రత్యక్ష ప్రసారం ఉండదు. చిన్న క్లబ్బుల గేటు దగ్గర జనం తగ్గిపోకూడదని దశాబ్దాల కిందట పెట్టుకున్న నిబంధన అది. మనవాణ్ని ఏడో డివిజన్ గేటు దాకా తోసింది ఆ నిబంధనే. మొదటి సగం ముగిసేసరికి అవసరం కాస్తా అభిరుచి అయింది. శంషాబాద్‌లో దిగేసరికి సిద్ధాంతమైంది.

నిజానికి ఆ గేటు లోపల చూడదగ్గవి చాలానే ఉంటాయి. కమ్మీ పట్టుకుని నిలబడితే పరిగెత్తే ఆటగాడి ఊపిరి వినిపిస్తుంది. గోల్‌కీపర్ తన సొంత డిఫెండర్‌ని తిట్టే తిట్లూ వినిపిస్తాయి. విరామంలో అభిమానులు కండువాలు సర్దుకుని, గ్లాసులు పట్టుకుని, ఒక గోల్ వెనక నుంచి రెండో గోల్ వెనక్కి నడిచిపోతారు, రెండో సగంలో తమ జట్టు దాడి అటువైపు కాబట్టి. ఓ ముసలాయన ఎప్పటినుంచో అదే చోట నిలబడి, లైన్స్‌మన్ పుట్టుపూర్వోత్తరాల మీద వ్యాఖ్యానం చేస్తుంటాడు. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను.

మనవాడు ఇవేవీ చూడడు, వీడియో తీస్తాడు. టీ అమ్మే పెద్దావిడని, ఆవిడ ముందున్న చిల్లర డబ్బాని, గీత పక్కన నీళ్ల బకెట్‌ని, తుప్పు పట్టిన తలుపుని. బకెట్‌ని రెండు కోణాల్లో తీస్తాడు. గోల్ పడ్డప్పుడు కెమెరా తలుపు మీద ఉంది. స్కోరెంత అని అడిగి చూడండి. "స్కోరుదేముంది బావా, ఆ వాతావరణం చూడాలి గానీ!" ఆ వాతావరణంలో బీరు వాటా ఎంతో కూడా చెప్పుకుందాం. 1985 చట్టం వల్ల ఇంగ్లండ్‌లో పై ఐదు అంచెల మ్యాచ్‌ల్లో మైదానం కనిపించే చోట మందు తాగకూడదు. ఆ కిందికి దిగితే ఆ కట్టడి లేదు, గ్లాసు చేతబట్టుకుని ఆట చూడొచ్చు. మనవాడు కలవరించే ఆత్మలో సగం ఆ గ్లాసులోనే ఉంది.

ఇక 'డబ్బు మకిలి అంటని ఆట' సంగతి. ఆ జట్లలో పగలు వేరే ఉద్యోగాలు చేసుకుని, వారానికి ఒకట్రెండు రాత్రులు ప్రాక్టీసుకొచ్చేవాళ్లు ఎక్కువ. వాళ్లకీ డబ్బిస్తారు. ఎక్కువ ఇచ్చే క్లబ్బు పిలిస్తే పోతారు, పోవాలి కూడా. డబ్బు లేకపోతే ఏమవుతుందో డలిచ్ హామ్లెట్‌నే అడగండి. 2018లో స్థలం తాలూకు రియల్ ఎస్టేట్ వాళ్లతో పేచీ వచ్చి, ఆ క్లబ్బు సొంత మైదానంలోంచే బయటపడాల్సి వచ్చింది. తన పేరు తానే వాడుకోకూడదని నోటీసు కూడా అందుకుంది. మళ్లీ గూటికి చేరింది ఆ డిసెంబరులో. బరీ క్లబ్బు పుట్టింది 1885లో. అప్పుల్లో మునిగిందని 2019 ఆగస్టులో లీగ్ నుంచి దాన్ని వెళ్లగొట్టారు. మ్యాకల్స్‌ఫీల్డ్ టౌన్ ఆటగాళ్లకు జీతాలు అందలేదు, 2020 సెప్టెంబరులో కోర్టు ఆ క్లబ్బునే మూయించింది. ఇవన్నీ డబ్బు అంటకపోవడం వల్ల జరిగినవే. పక్కవాడి పేదరికంలో పవిత్రత కనిపించాలంటే తిరుగు టికెట్ జేబులో ఉండాలి.

సాయం ఎలా చేస్తారో కూడా ఆ దేశంలోనే చూడొచ్చు. 2021 జనవరిలో, కరోనా రోజుల్లో, అప్పట్లో ఎనిమిదో అంచెలో ఆడుతున్న మరీన్ అనే చిన్న క్లబ్బు మీదికి ఎఫ్‌ఏ కప్ మ్యాచ్‌కి ప్రీమియర్ లీగ్ జట్టు టోటెన్‌హామ్ వచ్చింది. ప్రేక్షకుల్ని రానివ్వలేదు. మరీన్ ఉత్తుత్తి టికెట్లు అమ్మకానికి పెడితే 30 వేలకు పైగా అమ్ముడయ్యాయి. లోపలికి పోయే వీల్లేదని తెలిసే కొన్నారు. మరీన్ 5-0తో ఓడిపోయింది. టికెట్ కొన్నవాళ్లెవరూ వచ్చి మనకు ఆత్మ గురించి ఉపన్యాసం ఇవ్వలేదు.

రెక్స్‌హామ్ గురించి ఒక్క ముక్క. ఇద్దరు నటులు 2021లో ఆ వేల్స్ క్లబ్బుని కొన్నారు, డాక్యుమెంటరీ తీశారు, మన భక్తులూ బయల్దేరారు. ఆ జట్టు 2023, 2024, 2025ల్లో వరసగా మూడుసార్లు పై మెట్టెక్కి రెండో అంచెకి చేరింది. ఇప్పుడు "అక్కడ మునుపటి ఫీల్ లేదు" అంటున్నారు. గెలవడం ఆ క్లబ్బు చేసిన అపరాధం.

ఈ పిచ్చిలోనూ నిజాయితీ ఉన్నవాళ్లు లేకపోలేదు. ఇంగ్లండ్‌లో పై నాలుగు అంచెల్లో ఉన్నవి 92 క్లబ్బులు. ఆ 92 మైదానాల్లోనూ మ్యాచ్ చూడటమే జీవితాశయంగా పెట్టుకుని, పుస్తకంలో టిక్కులు పెట్టుకుంటూ తిరిగేవాళ్లున్నారు. స్టాంపులు సేకరించినట్టు మైదానాలు సేకరిస్తారు. వాళ్లది సరదా, సిద్ధాంతం కాదు. వాళ్లతో నాకు పేచీ లేదు.

నా పేచీ పొరుగింటి పుల్లకూర బాపతుతో. 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ ఎక్కడ జరిగింది? గచ్చిబౌలిలో, బాలయోగి స్టేడియంలో. చివర్లో కలిపిన అదనపు నిమిషాల్లో పడ్డ ఒకే ఒక్క గోలుతో కేరళ మీద బెంగాల్ గెలిచింది. చుట్టూ మన సాఫ్ట్‌వేర్ ఆఫీసులే. ఆ సాయంత్రం మన భక్తుడు కొత్త సంవత్సరం పార్టీ పాసుల వేటలో ఉన్నాడు. దేశంలో రెండో అంచె అయిన ఐ-లీగ్‌లో శ్రీనిధి దక్కన్ జట్టు 2022-23లోనూ 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచింది. అజీజ్‌నగర్‌లో సొంత మైదానం ఉంది. "అదెక్కడ?" అన్నాడు మనవాడు. ఈసారి నటన లేదు, నిజంగానే అడిగాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ని నాలుగో స్థానందాకా నడిపిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ కొట్టింది. ఆయన పేరు మనలో చాలామందికి తెలిసింది 2024లో అజయ్ దేవ్‌గణ్ సినిమా 'మైదాన్' వచ్చాకే.

విదేశం వెళ్తే చిన్న మ్యాచ్‌లకు వెళ్లొద్దని నేననడం లేదు. తప్పకుండా వెళ్లండి. గేటు దగ్గర టికెట్ కొనండి, టీ తాగండి, విరామంలో అమ్మే లాటరీ చీటీ కొనండి, కండువా కొంటే మరీ మంచిది. ఆ డబ్బు వాళ్లకు అక్కరకొస్తుంది. తిరిగొచ్చాక స్కోరెంతో చెప్పండి చాలు. ఆత్మ గురించి వినాలనిపిస్తే మేమే అడుగుతాం.