నాలుగు అరచేతుల మీద కారు

ఎలక్ట్రిక్ కారు కొంటున్నానని నోరు జారితే చాలు, బెజవాడలో సలహాలకు కరువుండదు. పెట్రోలు కారు కొనేవాడికి సలహా ఇచ్చి వదిలేస్తారు. ఎలక్ట్రిక్ కారు కొనేవాడికి భుజం మీద చెయ్యేసి మరీ ఇస్తారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "సూర్యాపేట దాకా వస్తుందంటారా?" హైదరాబాద్ దారిలో సూర్యాపేట ఇంచుమించు సగం. మనవాళ్లు అక్కడ టిఫిన్‌కి ఆగకుండా వెళ్లిన దాఖలా నేనైతే వినలేదు. మనం దోసె తినే వేళకి కారు కూడా కాస్త కరెంటు తాగుతుందండీ అంటే మాత్రం జాలిగా చూస్తారు. టైర్ల గురించి ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

షోరూము కుర్రాడు మేము కూర్చోకముందే ఒక్క చార్జింగ్‌కి ఎన్ని కిలోమీటర్లో చెప్పేశాడు. ఆ అంకె అబద్ధం కాదు. కాకపోతే అది ప్రయోగశాలలో, రోలర్ల మీద చక్రాలు తిప్పుకుంటూ, ఉన్నచోటి నుంచి అంగుళం కదలకుండా కారు సంపాదించిన మార్కు. స్పీడు బ్రేకర్లు, రాంగ్ రూట్లో వచ్చే ఆటో, "ఏసీ ఇంకాస్త పెంచండి" అనే మా ఆవిడ, ఇవేవీ ఆ సిలబస్‌లో లేవు.

టెస్ట్ డ్రైవ్‌కి నాతో పాటు మా ఆవిడా, ఆవిడతో పాటు మా బావమరిదీ వచ్చారు. కార్ల విషయంలో వాడికి తెలియనిది లేదు. కారు మాత్రం లేదు.

"స్టార్ట్ చెయ్ బాబూ" అన్నాడు.

"అయింది సార్."

"మరి చప్పుడేదీ?"

"రాదు సార్."

వాడికి నమ్మకం కుదరలేదు. దిగి బానెట్టుకి చెవి ఆనించి, పెదవి విరుస్తూ మళ్లీ ఎక్కాడు.

పెట్రోలు ఇంజను కదలాలంటే కాసేపు ఊపు కూడగట్టుకుంటుంది. మోటారుకి ఆ మొహమాటం లేదు, కాలు ఆనగానే ఉన్న బలమంతా ఇచ్చేస్తుంది. "ఏవండీ!" అన్న కేక వెనక సీట్లోంచి కారు కంటే కాస్త ఆలస్యంగా బయల్దేరింది. భయపడి కాలు తీసేశాను. తీస్తే బ్రేకు తొక్కినట్టు ఆగబోయింది. కాలు తీస్తే మోటారే జనరేటరై, కారు వేగాన్ని కరెంటుగా మార్చి బ్యాటరీకి పంపుతుందని కుర్రాడు వివరించాడు. ఆ కుదుపులకి మా బావమరిది జీవితంలో మొదటిసారి ఎదుటివాడు చెప్పిన ప్రతి మాటకీ తలూపాడు.

కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కాక తెలిసింది అసలు సంగతి. ఇంజను లేదు కాబట్టి ఇన్నాళ్లూ ఇంజను కింద అణిగిపోయిన చప్పుళ్లన్నీ బయటికొచ్చాయి. అన్నిటికన్నా గట్టిగా కింద నుంచి బుర్రుమని ఒకటే మోత. కుర్రాడు చటుక్కున పాట పెట్టాడు. ఆపమన్నాను.

"టైర్లు ఎలాంటివి బాబూ?"

"నల్లవి సార్."

పన్నెండు రంగుల్లో లోపలి లైట్లు, ఆకాశం కనబడే అద్దం, నిలువెత్తు తెర గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పిన మనిషి, టైర్ల దగ్గర మాత్రం అంతకు మించి వెళ్లలేదు. స్టెప్నీ ఏదని అడిగితే ఓ సీసా, గాలి కొట్టే బుల్లి పంపు చూపించాడు. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే ఏర్పాటు, రిపేరు కిట్టు ఉంటే స్టెప్నీ ఇవ్వక్కర్లేదని 2020లో నిబంధన సవరించారు. నేను అభ్యంతరం చెప్పబోయేలోపు మా ఆవిడ ఆ ఖాళీలో ఎన్ని పచ్చడి జాడీలు పడతాయో లెక్కేసేసింది.

"కొత్త వస్తువు బావగారూ, కాస్త పాతబడనివ్వండి" అన్నాడు బావమరిది. పాతబడి చాలా కాలమైంది. 1899లో పారిస్ దగ్గర ఆషేర్‌లో గంటకు వంద కిలోమీటర్లు మొదటిసారి దాటిన కారు కరెంటుదే. నడిపినవాడు బెల్జియం వాసి కమీల్ జెనాట్జీ. కింద ఉన్నవి మిషెలిన్ గాలి టైర్లు. వందేళ్లు దాటాక మనం తీరిగ్గా "నల్లవి" దగ్గరికొచ్చాం.

బావమరిది అంతటితో వదల్లేదు. చక్రాలు చిన్నవిగా ఉన్నాయని, కొన్న రోజే పెద్ద రిమ్ములు, వెడల్పు టైర్లు వేయించాలని ఆటోనగర్‌లో తనకి తెలిసిన టైర్ల షాపుకి లాక్కెళ్లాడు. షాపు పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, టైరు పక్కన రాసిన 215/60 ఆర్16 95హెచ్ అన్నదాన్ని జాతకం చదివినట్టు చదివాడు. వెడల్పు 215 మిల్లీమీటర్లు. పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం. రిమ్ము 16 అంగుళాలు. 95 అంటే ఒక్కో టైరు 690 కిలోలు మోస్తుంది. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్లు ఓర్చుకుంటుంది. (బెంజి సర్కిల్ దగ్గర ఆ అక్షరం సంగతి ఎందుకులెండి.) చివర నాలుగంకెలు 1824 అని ఉంటే 2024లో 18వ వారం పుట్టిందని. బావమరిది స్నేహితుడెవరో సగం ధరకిస్తానన్న టైర్ల మీద అవి 0819. పెద్దాయన వాటిని చేత్తో కూడా ముట్టుకోలేదు.

"బ్యాటరీయే కొన్ని వందల కిలోలండీ. కంపెనీ రాసిన బరువు అంకె కంటే తక్కువది ఎవడు చవగ్గా ఇచ్చినా వేయించకండి. బరువుకి తోడు మోటారు లాగుడు. బటన్లు త్వరగా అరుగుతాయి."

"మరి వెడల్పువి?" అన్నాడు బావమరిది.

"వెడల్పు పెరిగితే రోడ్డు పట్టి లాగుతుంది, కరెంటు ఎక్కువ తింటుంది. రిమ్ము పెద్దదైతే పక్కగోడ సన్నబడుతుంది. ఓ గుంత చాలు, రిమ్ము వంగిపోద్ది. ముందు తేల్చుకోండి బాబూ, లుక్కు కావాలా, సూర్యాపేట కావాలా?"

ఈ ప్రశ్న షోరూములో వెయ్యాల్సింది.

అలాగని సులువుగా దొర్లేదే మంచి టైరనుకోవడానికీ లేదు. కరెంటు మిగిల్చే టైరు వానలో పట్టు వదిలితే ఆ మిగులు ఎవరికి? ఫ్రిజ్‌లకి స్టార్లిచ్చే బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాళ్లు టైర్లకీ ఇస్తున్నారు కానీ, తడి రోడ్డు మీద పట్టెంతో విడిగా అడగాలి. మోత తగ్గాలని లోపల స్పాంజి అంటించిన టైర్లూ ఉన్నాయి. అవి హాయిగా ఉంటాయి, పంక్చరయ్యేదాకా. నైట్రోజన్ నింపమంటారా అని బావమరిది అడిగితే పెద్దాయన నవ్వాడు. మామూలు గాలిలోనే 78 శాతం అదేనట. డబ్బులు మిగతా 22 శాతానికన్నమాట.

కారు బుక్ చేశాం. రిమ్ములు కంపెనీవే, టైర్లు ఆ సైజువే. బావమరిది అలిగాడు కానీ పచ్చడి జాడీలతో పాటు వాడికీ చోటుంది.

మీరు టెస్ట్ డ్రైవ్‌కి వెళ్తే ముందు పాట ఆపించండి. గతుకుల రోడ్డు మీదికి తీసుకెళ్లమనండి. దిగాక మోకాలు నొప్పెట్టినా సరే కిందికి వంగి, టైరు పక్క అంకెలు, పుట్టిన వారం రాసుకోండి. అంత కారూ రోడ్డుని తాకేది టైరుకి అరచేయంత మేరే. ఆ సైజు కొత్త టైర్లు నాలుగూ ఎంతవుతాయో టైర్ల షాపులో కనుక్కున్నాకే కారు ధర మాట్లాడండి.