24కి 24 కలిపితే 32

విదేశీ చదువుల కన్సల్టెన్సీల భాషలో ఇప్పుడు ఒట్టి ఐటీ అంటే నామోషీ. దాని పక్కన ఇంకోటి ఉండాలి. ఆ ఇంకోటి పేరు ఎంత గుండ్రంగా, భూగోళంలా వినిపిస్తే అంత మంచిది కాబట్టి ‘గ్లోబల్ స్టడీస్’ వచ్చి కూర్చుంది. మెల్‌బోర్న్‌లో నాలుగేళ్లు, రెండు పట్టాలు, బయటికొచ్చేసరికి మీవాడు టెక్నాలజీ తెలిసిన గ్లోబల్ సిటిజన్. విడివిడిగా అయితే మూడూ మూడూ ఆరేళ్లు పట్టేది నాలుగేళ్లలో తేలిపోతోందంటే రెండేళ్లు మిగిలినట్టే కదా అని కన్నవాళ్లు వేళ్లు మడిచి లెక్క చూసుకుంటున్నారు. ఆషాఢంలో ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అనే చీరల కొట్టు ముందు నిలబడినప్పుడు కలిగే ఆనందమే ఇది. కాకపోతే ఆ కొట్టువాడు రెండో చీరను కూడా పూర్తి చీరగానే ఇస్తాడు.

ఆ లెక్కేదో మనమూ చూద్దాం. ఆస్ట్రేలియాలో మామూలు బ్యాచిలర్ డిగ్రీ మూడేళ్లు, ఏడాదికి 8 సబ్జెక్టులు, మొత్తం 24. రెండు డిగ్రీలకు 48 కావాలి. డబుల్ డిగ్రీ నాలుగేళ్లు కనుక చదివేది 32. ఇరవై నాలుగుకి ఇరవై నాలుగు కలిపితే ముప్ఫై రెండు రావడం ఏ ఎక్కంలోనూ లేదు. మధ్యలో 16 ఏమయ్యాయి? విశ్వవిద్యాలయాలు దొంగతనం ఏమీ చేయలేదు, నియమావళిలో రాసే పెట్టాయి. చాలా కోర్సుల్లో 24లో ఏడెనిమిది సబ్జెక్టులు విద్యార్థి తన ఇష్టం మీద ఎంచుకునేవి. వాటిని ఇటు ఎనిమిదీ అటు ఎనిమిదీ తీసేస్తే మిగిలేది ముప్ఫై రెండే. అంటే ఒక డిగ్రీలో ఖాళీగా వదిలిన గదిలో రెండో డిగ్రీ బలవంతపు సామాను దింపారు. సామాను దింపినందుకు అద్దె కూడా మనమే కడుతున్నాం.

ఆ ఖాళీ గది ఏమిటో ఆలోచించండి. ఐటీ చదివే పిల్ల ఒక సెమిస్టరు ఖగోళశాస్త్రం క్లాసులో కూర్చోవచ్చు, ఇంకో సెమిస్టరు ఇండోనేషియా భాష మొదలుపెట్టవచ్చు, సంగీతమో సముద్ర జీవశాస్త్రమో తొంగిచూసి నచ్చకపోతే వెనక్కి రావచ్చు. పదిహేడేళ్లకు అమ్మానాన్నా ఏజెంటూ కలిసి ఎంచిన కోర్సు పందొమ్మిదేళ్లకు తనకు సరిపోదని తెలుసుకునే దారి ఆ ఎనిమిది సబ్జెక్టుల్లోనే ఉంటుంది. డబుల్ డిగ్రీ మొట్టమొదట మూసేది ఆ దారినే. విశాల దృక్పథం పేరుతో అమ్ముతున్న చదువు విడి డిగ్రీ కంటే ఇరుకు. రెండు పట్టాల మధ్య పిల్లకు ఊపిరి తీసుకునే ఒక్క సెమిస్టరు మిగలదు. ఇది నచ్చి చేరేవాళ్లు చేరనీ. కానీ దాన్ని ‘రెండింతలు’ అనడం ఏమిటి? డిగ్రీన్నర కూడా కాదది. 24 మీద 32 అంటే ఒకటీ మూడో వంతు. గోడమీద ‘ఒకటీ మూడో వంతు డిగ్రీ’ అని రాసి అమ్మమనండి, ఎంతమంది వస్తారో చూద్దాం.

‘ఎనిమిది పోతే పోయాయి, ఈ కాలానికి ప్రపంచమూ తెలియాలి, సాంకేతికతా తెలియాలి, రెండూ కలిస్తేనే పని’ అనేవాళ్లున్నారు. నూటికి నూరుపాళ్లు నిజం. కలిస్తేనే. మరి ఎక్కడ కలుస్తున్నాయి? ఆ 32లో ఈ రెండు శాఖల గురువులు ఒకే గదిలో నిలబడి చెప్పే క్లాసు ఒక్కటి చూపించండి. సోమవారం డేటాబేసులు, మంగళవారం అంతర్జాతీయ సంబంధాలు, రెండింటికీ వారధి విద్యార్థి వీపున ఉన్న బ్యాగు. మన యూజీసీ 2022లో ఒకేసారి రెండు డిగ్రీలు చదవొచ్చని తలుపులు తెరిచినప్పుడు రెండూ కాలేజీకి వెళ్లి చదివేవైతే ముఖ్యంగా పెట్టిన షరతు క్లాసుల వేళలు ఒకదాని మీద ఒకటి పడకూడదని. సబ్జెక్టులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయా అని అడగలేదు, గడియారం ఒప్పుకుంటే చాలంది.

నిజంగా కలిసే చోట్లు లేవా అంటే మన వాకిట్లోనే ఉన్నాయి. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతానంది. ఆ డేటా సెంటర్ తాగే నీళ్లు ఎవరివి, కరెంటు ఏ ధరకు, భూమి ఎవరి చేతిలోంచి పోతోంది, సముద్రం అడుగున వచ్చే కేబుల్ మీద ఏ దేశపు చట్టం నడుస్తుంది అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు వెతకాలంటే ఐటీ, రాజనీతి, అర్థశాస్త్రం ఒకే మెదడులో పనిచేయాలి. ఫేస్‌బుక్‌లో జనం పడేసే హింసనూ అశ్లీలాన్నీ రోజంతా చూసి తీసేసే కాంట్రాక్టు కుర్రాళ్లు హైదరాబాదులో ఉన్నారని 2019లోనే రాయిటర్స్ రాసింది. ప్రపంచీకరణా సమాచార సాంకేతికతా ఒక మనిషి నిద్రలోకి ఎలా దూరతాయో వాళ్లకు తెలిసినంతగా ఏ సిలబస్‌కీ తెలియదు.

ఇక ఆస్ట్రేలియా ప్రభుత్వమే ఈ జోడీని ఎలా చూస్తుందో కూడా చూడాలి. 2021లో స్కాట్ మారిసన్ ప్రభుత్వం తమ దేశపు విద్యార్థులు కట్టే వాటాను తిరగరాసింది. సమాజం, చరిత్ర, రాజనీతి లాంటి సబ్జెక్టులకు ఏడాదికి 14,500 డాలర్లు, అంటే అంతకు ముందున్న దానికి రెట్టింపు పైమాటే. ఐటీకి 8 వేల లోపు. ఉద్యోగం రాని చదువు మీకెందుకు, చదివితే జరిమానా కట్టండి అని దాని తాత్పర్యం. ఆ పద్ధతిని మార్చమని 2024లో అక్కడి యూనివర్సిటీస్ అకార్డ్ నివేదిక చెప్పింది. అదే దేశం మనవైపు తిరిగి, ఆ జరిమానా చదువునే ఐటీ పక్కన అలంకారంగా పెట్టి, ‘ప్రపంచ పౌరులు కండి’ అంటోంది.

ప్రపంచ పౌరుడు! ఈ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఈ పౌరుడు విమానం ఎక్కేముందు వీసా దరఖాస్తుకే 2,000 ఆస్ట్రేలియన్ డాలర్లు కట్టాలి. 2024 జూన్ దాకా అది 710. ఒప్పుకోకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. ఏడాది బతకడానికి 29,710 డాలర్లు ఉన్నాయని చూపించాలి. దిగాక క్లాసులు నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలకు మించి పనిచేయకూడదు. నేను నిజమైన విద్యార్థినే అని రాసి ఒప్పించాలి. పౌరసత్వం అంటే ఇదేనా? ఇంటి యజమాని రోజూ వచ్చి గది తనిఖీ చేస్తుంటే ఆ ఇంటివాణ్ణని చెప్పుకునే అద్దెదారుకైనా కొంచెం సిగ్గుంటుంది. దానికి తోడు పేరున్న విశ్వవిద్యాలయాల్లో విదేశీ విద్యార్థి ఫీజు ఏడాదికి 40 వేల డాలర్లు దాటుతుంది. మూడేళ్ల డిగ్రీకి ఇంకో ఏడాది తగిలించడమంటే ఆ నలభై వేలు తగిలించడం. మిగిలాయని మురిసిన రెండేళ్లు ఎక్కడా లేవు, అదనంగా పడిన ఒక్క ఏడాది మాత్రం బ్యాంకు వాడి కాగితంలో వడ్డీతో సహా ఉంది. ఎకరమో అరెకరమో తాకట్టు పెట్టిన తండ్రికి ఈ సంగతి చెప్పకుండా సంతకం పెట్టించుకోవడాన్ని మార్గదర్శనం అనరు, మోసం అంటారు.

సరే, ఈ వంకనైనా మన పిల్లలు నాలుగు సామాజిక శాస్త్రాలు చదువుతారు కదా, దానికీ ఏడుపేనా అని అడగొచ్చు. అడగవలసిన మాటే. కానీ అవి చదవడానికి మెల్‌బోర్న్ దాకా ఎందుకు పోవలసి వచ్చింది? ఇంటర్మీడియట్‌లో చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం చెప్పే హెచ్‌ఈసీ అనే గ్రూపు ఒకటుందని ఈనాటి కార్పొరేట్ కాలేజీ పిల్లాడికి తెలుసా? పదో తరగతి సోషల్ పరీక్ష రాసి వచ్చిన రోజుతో మనవాళ్లకు ప్రపంచం ముగుస్తుంది. ఎంపీసీ తప్ప చదువే లేదన్న ఇళ్లలోనే రెండేళ్ల తర్వాత గ్లోబల్ స్టడీస్ మీద ప్రేమ పుడుతోందంటే అది చరిత్ర మీద ప్రేమ కాదు. దాని ముందు ‘గ్లోబల్’ అనీ వెనక ‘ఐటీ’ అనీ ఉన్నాయి కాబట్టే. అవి రెండూ తీసేసి అదే సిలబస్‌ని అనంతపురంలో తెలుగు మీడియంలో పెడితే చేరడానికి ఒక్కడు రాడు.

చివరికి అందరూ గుసగుసగా అడిగే అసలు ప్రశ్న పీఆర్, అంటే అక్కడే శాశ్వతంగా ఉండిపోయే అనుమతి. రెండు డిగ్రీలుంటే పాయింట్లు ఎక్కువ వస్తాయా? ఆస్ట్రేలియా పాయింట్ల పట్టిక ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు, ఏజెంటుకు పైసా ఇవ్వక్కర్లేదు. చదువు గడిలో పీహెచ్‌డీకి 20 పాయింట్లు, బ్యాచిలర్ డిగ్రీకి 15. బ్యాచిలర్ డిగ్రీలు రెండుంటే 15.