రెండు సున్నాల సంసారం

ఉద్యోగార్థం విదేశానికి తరలే తెలుగు గృహస్థు జీతం రెండుసార్లు లెక్కకు వస్తుంది. మొదటి లెక్క అక్కడి నాణెంలో కంపెనీవారు వేసేది కాగా, రెండవది రూపాయల్లో మేనమామలు, తోడల్లుళ్లు, పెళ్ళిళ్ల పేరయ్యలు వేసేది, ఊళ్లో చెల్లుబాటయ్యేది కూడా ఈ రెండవదే. డాలరును హెచ్చవేయడానికి ఇప్పటికీ ఫోనులో క్యాలిక్యులేటర్ తెరవవలసి వస్తుంది కాని, 2025లో యూరో వంద రూపాయల గీత దాటడంతో జర్మనీ వెళ్ళేవారి బంధువర్గానికి ఆ శ్రమ తప్పి, అంకె పక్కన రెండు సున్నాలు చేరిస్తే సరిపోయే సౌలభ్యం ఏర్పడింది. యూరోపియన్ యూనియన్ వెలుపలి దేశాల పట్టభద్రులకు జర్మనీ ఇచ్చే బ్లూ కార్డు, అనగా ఉద్యోగంతో ముడిపడిన నివాస అనుమతి, పొందడానికి 2025లో ఏడాదికి కనీసం 48,300 యూరోల జీతం ఉండాలన్నది సాధారణ నియమం. అది కనీసపు హద్దు అన్న సంగతి హైదరాబాదు చేరేలోగా ఆవిరైపోయి, 48 లక్షల 30 వేలు అన్న సంగతి మాత్రమే మిగులుతుంది. ఈ 48 లక్షల్లో పన్నుకు పోయేదెంత, అద్దెకు పోయేదెంత, నలుగురు మనుషులు తినేదెంత అన్న ప్రశ్న ఏ పెళ్ళిచూపుల్లోనూ తలెత్తిన దాఖలాలు లేవు.

కుటుంబాన్ని వెంట తీసుకుపోవడం మమకారానికి సంబంధించిన విషయమని కథలు, నవలలు చెబుతాయి కాని ప్రభుత్వ గెజిట్లు అలా చెప్పవు. కువైట్ 2024లో కుటుంబ వీసాలను తిరిగి తెరిచినప్పుడు నెలకు 800 దినార్ల జీతాన్ని గడపగా పెట్టింది. రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి అక్కడికి డ్రైవర్లుగా, వంటవారుగా వెళ్ళినవారికి ఆ గడప దాటడం కంటే ఏటా ఒకసారి ఊరికి వచ్చి పిల్లల ఎత్తు చూసుకుని పోవడమే సులువు. సౌదీ అరేబియా మరింత సూటిగా, ప్రైవేటు ఉద్యోగి వెంట ఉండే భార్యాబిడ్డలపై తలకింత అని రుసుము విధించి, 2017 జులైలో నెలకు 100 రియాళ్లుగా మొదలైన దానిని ఏటా 100 చొప్పున పెంచుతూ 2020 నాటికి 400 చేసింది. మూడో సంతానం గురించి ఆలోచించే దంపతులకు ఇంతకంటే స్పష్టమైన కుటుంబ నియంత్రణ ప్రచారం మరొకటి ఉండబోదు. బ్రిటన్ సంగతి విచిత్రం: వృద్ధులకు, రోగులకు సేవ చేయడానికి వచ్చే సంరక్షణ పనివారు 2024 మార్చి 11 తరువాత భార్యనో భర్తనో పిల్లలనో వెంట తేకూడదని నిర్ణయించడం ద్వారా, ఇతరుల కుటుంబాలను చూసుకోవడానికి సొంత కుటుంబం లేకపోవడమే అర్హత అని ఆ దేశం తేల్చింది.

వీటితో పోలిస్తే జర్మనీ పద్ధతి పూర్తిగా తలకిందులు. అక్కడి ఆదాయపు పన్ను శాఖ బ్రహ్మచారిని ఒకింత అనుమానంతో, సంసారిని ఒకింత జాలితో చూస్తుంది. పైన చెప్పిన కనీస జీతం నెలకు 4,025 యూరోలు అవుతుంది కాని, ఒంటరిగా దిగిన ఉద్యోగి మొదటి పన్ను తరగతిలో చేరి, ఆదాయపు పన్ను, పింఛను, ఆరోగ్య బీమా, నిరుద్యోగ బీమా, వృద్ధాప్యంలో మంచాన పడితే చూసుకునే సంరక్షణ బీమా అన్నీ కోతపడిన తరువాత చేతికి వచ్చేది సుమారు 2,600 యూరోలు మాత్రమే. ఈ చివరి బీమాలో ఇరవై మూడేళ్లు దాటీ సంతానం లేనివారు జీతంలో 0.6 శాతం అదనంగా కట్టాలి, అంటే మన పెద్దమ్మలు పండుగలకు అడిగే ప్రశ్నను అక్కడ ప్రభుత్వం ప్రతి నెలా జీతం కాగితంలో అడుగుతుంది. భార్య వచ్చి కాపురం పెట్టినప్పుడు ఆమెకు సంపాదన లేకపోతే అతను మూడవ తరగతికి మారవచ్చు, దానితో చేతికి వచ్చేది మూడు వేలకు కాస్త తక్కువగా తేలుతుంది. పిల్లల భత్యంగా 2025లో ఒక్కొక్కరికి నెలకు 255 యూరోలు వస్తాయి కనుక ఇద్దరు పిల్లలుంటే మరో 510 చేరతాయి. ప్రభుత్వ పద్ధతి ఆరోగ్య బీమాలో ఆదాయం లేని భార్యకు, పిల్లలకు వేరే ప్రీమియం లేదు. మొత్తం కూడితే, భార్యాబిడ్డలు విమానం దిగినందువల్ల నెలసరి రాబడి సుమారు 850 యూరోలు పెరుగుతుంది. ఇంటికి వచ్చిన కోడలి వేళావిశేషం అని తెలుగువారు నోటిమాటగా అనుకునే దానిని, దంపతుల ఆదాయాన్ని కలిపి రెండుగా విడదీసి పన్ను లెక్కగట్టే పద్ధతి ద్వారా జర్మనీ 1958లోనే చట్టంగా రాసుకుంది.

అయితే ఈ వేళావిశేషమంతా ఇంటి వేటలో కరిగిపోతుంది. జర్మనీలో అద్దె రెండు రకాలు: వట్టి గోడలకు కట్టేది చల్లని అద్దె, దానికి వేడినీళ్లు, రేడియేటర్లు, చెత్త, మెట్లు తుడిచే ఖర్చు చేర్చినది వెచ్చని అద్దె; ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించేది చల్లనిది, నెలనెలా జేబు కాల్చేది వెచ్చనిది. మ్యూనిక్‌లో నలుగురు కాళ్లు చాపుకోగలిగిన ఇంటి వెచ్చని అద్దె రెండు వేల యూరోలకు అటూ ఇటూ పలుకుతుంది, అడ్వాన్సుగా మూడు నెలల చల్లని అద్దె దాకా అడగవచ్చునని చట్టమే చెబుతుంది. గదుల లెక్కలో వంటిల్లు, స్నానాలగది రావు కనుక రెండు గదుల ఇల్లు అంటే ఒక పడకగది, ఒక హాలు. ఇంతవరకు తెలుగువారికి కొత్తేమీ లేదు. కొత్తది వంటింటి తలుపు తీసినప్పుడు కనిపిస్తుంది. అక్కడ గోడలోంచి పొడుచుకువచ్చిన రెండు నీటి గొట్టాలు, పొయ్యి కోసం వదిలిన తీగలు తప్ప మరేమీ ఉండవు. గట్టు లేదు, అలమరలు లేవు, పొయ్యి లేదు, ఆఖరుకు గిన్నెలు కడిగే సింకు కూడా లేదు, ఎందుకంటే పాత అద్దెదారు తన వంటింటిని విప్పుకుని, మూటగట్టుకుని, కొత్త ఇంటికి తీసుకుపోయాడు. మనదేశంలో ఇల్లు ఖాళీ చేసేవారు పట్టుకుపోయేది మహా అయితే ట్యూబులైటూ తులసికోటా. వంటింటిని లారీ ఎక్కించే సంస్కృతి జర్మనులకే చెల్లింది. పోయేవాడు దయతలిస్తే తన పాత వంటింటిని వచ్చేవాడికి కొన్ని వేల యూరోలకు అమ్మజూపుతాడు, బేరమాడడం రాని దేశంలో బేరమాడవలసిన ఏకైక సందర్భం బహుశా ఇదే.

ఇంటిని సంపాదించే క్రమం కూడా శాస్త్రీయ పరిశీలనకు అర్హమైనది. ఇంటి యజమాని గత మూడు నెలల జీతం కాగితాలు, షూఫా అనే సంస్థ ఇచ్చే పరపతి పత్రం అడుగుతాడు. కొత్తగా దిగినవాడికి ఆ దేశంలో గతమే లేదు కనుక పరపతీ లేదు. ఇల్లు దొరికి, యజమాని సంతకం చేసిన ధ్రువపత్రంతో పురపాలక కార్యాలయంలో చిరునామా నమోదు చేసుకుంటేగాని పన్ను సంఖ్య పోస్టులో రాదు. ఆ సంఖ్య రాకుంటే కంపెనీ అతనికి ఆరవ తరగతి లెక్కన అత్యధిక పన్ను కోసే ప్రమాదం ఉంది, కోత పడిన జీతం కాగితం చూసిన యజమాని ఇల్లు ఇవ్వడానికి సందేహిస్తాడు. పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు అన్న సామెతకు ఇంత పకడ్బందీ అమలు మరే దేశంలోనూ కనిపించదు.

ఖర్చు తగ్గించే మార్గాల్లో మొదటిది సూట్‌కేసు. పెద్దలు కనీసం ఆరు నెలల సంసారాన్ని అందులో సర్దుతారు కాని, యూరోపియన్ యూనియన్, బయటి దేశాల నుంచి ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేవడాన్ని నిషేధించింది కనుక ఇంట్లో కాచిన నెయ్యి, మటన్ పచ్చడి చట్టరీత్యా దొంగసరుకు కింద లెక్క. చేపలకు మాత్రం మనిషికి 20 కిలోల వరకు అనుమతి ఉంది కాబట్టి కాకినాడవారి ఎండుచేపల మూట దర్జాగా దాటిపోతుంటే, పప్పులోకి ఇంత నెయ్యి తెచ్చుకున్న శాకాహారి నేరస్థుడిగా పక్కన నిలబడతాడు. తాజా కూరలకు, పండ్లకు, ఆకులకు 2019 డిసెంబరు నుంచి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలన్నారు, అనాస, అరటి, కొబ్బరి, ఖర్జూరం, డురియన్ అనే ఐదు పండ్లను మినహాయించారు. కొబ్బరికాయకు, అరటిపండుకు సెలవిచ్చారంటే సత్యనారాయణ వ్రతానికి విఘ్నం కలిగించే ఉద్దేశం వారికి లేదని ధైర్యం తెచ్చుకోవచ్చు. కరివేపాకుకు ఆ మినహాయింపు దక్కలేదు.

సంసారాన్ని నిజంగా వణికించేది ఈ నిబంధనలు కావు, బంధువులు చేర్చి పంపిన ఆ రెండు సున్నాలు. జీతం పక్కన ముచ్చటగా నిలిచిన సున్నాలు కాపురం మొదలైన మర్నాటి నుంచి ప్రతి వస్తువు పక్కకూ వచ్చి నిలబడతాయి. మనదగ్గర కూరలవాడు కొసరుగా వేసే కరివేపాకు ఆసియా దుకాణంలో గుప్పెడు రెండు యూరోలు, అనగా 200 రూపాయలు; ఆ ఇంట్లో కూరలో కరివేపాకును ఏరి పక్కన పెట్టేవారెవరూ ఉండరు, చారులో తేలిన రెబ్బను కూడా నమిలి మింగుతారు. మగవారి క్షవరానికి 25 యూరోలు అనగానే 2,500 రూపాయలన్న లెక్క మనసులో మెరిసి, గృహస్థు నలభై యూరోలు పోసి కత్తిరింపు యంత్రం కొంటాడు, ఆదివారం పూట కొడుకును స్నానాలగదిలో ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, మెడకు పాత లుంగీ చుట్టి, ఎడమవైపు తగ్గిందని కుడివైపు, కుడివైపు తగ్గిందని ఎడమవైపు సవరిస్తూ పోతాడు. సాయంత్రం వీడియో కాల్‌లో పిల్లవాడు టోపీతో కనిపిస్తే అమ్మమ్మ చలి ఎక్కువగా ఉందనుకుంటుంది. ఇంతా చేసి మిగిల్చిన డబ్బును ప్రసార రుసుము తినేస్తుంది: ఇంట్లో టీవీ ఉన్నా లేకున్నా, ఆ భాష వచ్చినా రాకున్నా, ప్రతి ఇంటికీ నెలకు 18.36 యూరోలు. ఇక తిరగమోత విషయానికి వస్తే, అద్దె ఇళ్లలో పొగ పసిగట్టే అలారం తప్పనిసరి కనుక, ఇల్లాలు కాగిన నూనెలో ఎండుమిర్చి వేసే క్షణానికి ఇంటాయన తుండుగుడ్డ పట్టుకుని అలారం కింద సిద్ధంగా నిలబడాలి. భర్తలు వంటింట్లో సాయం చేయడం విదేశాల్లో పెరిగిందన్న వాదనకు ఆధారం ఎక్కువగా ఇదే.

పిల్లల చదువులో లెక్క మళ్లీ తిరగబడుతుంది. ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ శిశుసంరక్షణ కేంద్రంలో చోటు పొందే హక్కు 2013 ఆగస్టు 1 నుంచి చట్టంలో ఉంది, బెర్లిన్‌లో 2018 నుంచి దానికి ఫీజు కూడా ఎత్తివేశారు. హక్కు ఉన్నంత మాత్రాన చోటు ఉండదు కనుక కడుపులో ఉండగానే దరఖాస్తు పెట్టడం ఆనవాయితీ అయింది, పుట్టకముందే ఐఐటీ కోచింగ్ ఆలోచించే జాతికి ఇది కష్టమైన పని కాదు. బడి వయసు వచ్చాక ప్రభుత్వ పాఠశాలలో ఫీజు లేదు. హైదరాబాదులో యూకేజీకి లక్షల్లో చెల్లు రాసిన తండ్రికి ఈ మాట ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు, ఎక్కడో ఏదో మెలిక ఉంటుందని వెదుకుతాడు, అది విమానాశ్రయంలో కనిపిస్తుంది. బడి మానిపించి చవక టిక్కెట్లకు ఊరికి పోవడం ఆ దేశంలో శిక్షార్హం. 2018లో సెలవులకు ముందే పిల్లలతో బయలుదేరిన కుటుంబాలను బవేరియాలోని మెమ్మింగెన్ విమానాశ్రయంలో పోలీసులు తనిఖీ చేసి మరీ పట్టుకున్నారు. ఫలితంగా అందరూ సెలవుల్లోనే ఎగరాలి, సెలవుల్లో టిక్కెట్టు ధర కూడా ఎగురుతుంది. రెండేళ్లలోపు బిడ్డకు ఒళ్లో కూర్చోబెట్టుకునే షరతుపై చాలా విమానసంస్థలు పదో వంతు మాత్రమే తీసుకుంటాయి కాబట్టి, ఎంతోమంది తెలుగు పిల్లల రెండో పుట్టినరోజు తిరుగు ప్రయాణం తేదీని బట్టి నిర్ణయమవుతుంది.

మొత్తం మీద, ఆ కనీస జీతంతో నలుగురి కుటుంబం మ్యూనిక్‌లో బతకగలదు కాని, అద్దె పోను మిగిలిన 1,400 పై చిలుకు యూరోలతో తిండి, బస్సు, ప్రయాణం, ఊళ్లో ఇంటి లోను అన్నీ నడపాలంటే స్నానాలగది క్షవరాలు తప్పవు. అదే జీతంతో లైప్‌జిగ్‌లోనో కెమ్నిట్జ్‌లోనో దిగితే అద్దె దాదాపు సగానికి పడిపోతుంది, బ్లూ కార్డు కుటుంబంలో భార్యకు మొదటి రోజు నుంచే ఉద్యోగ హక్కు ఉంది కనుక ఆమె కాస్త జర్మను నేర్చుకుని రెండో జీతం తెస్తే రెండు సున్నాలు తమంతట తామే సర్దుకుంటాయి. కాబట్టి ఆఫర్ లెటర్ చేతికి వచ్చిన పాఠకులు జీతం అంకె కంటే ముందు ఊరి పేరు చదువుకోవలసిందిగాను, ఇల్లు మాట్లాడుకునేటప్పుడు వంటగది ఉందా అని కాక, వంటగదిలో వంటిల్లు ఉందా అని అడగవలసిందిగాను మనవి.